ఇంట్లో ఉండిపోయిన మనిషికి రాయండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు చెన్నైలో, అన్నయ్య హైదరాబాదులో, చెల్లెలు మెల్‌బోర్న్‌లో. జనవరి రెండో వారంలో పిల్లలతో సహా అందరూ కలిసి తంజావూరు వైపు నాలుగు రోజులు తిరిగొచ్చి, ఆ ప్రయాణం గురించి ముగ్గురూ కలిసి రాయాలనుకుంటున్నారు. ప్లాన్ ఎలా వేసుకోవాలి, ముగ్గురి రాతల్నీ ఒకటిగా ఎలా కలపాలి, గొడవలు రాకుండా ఏం చెయ్యాలి అని అడిగారు. నాన్నగారు మోకాళ్ళ నొప్పుల వల్ల రాలేనన్నారని మధ్యలో ఒక్క ముక్క రాశారు.

గొడవలు రాకుండా ఉండే ఉపాయం నా దగ్గర లేదండీ. వస్తాయి. నేను పెరంబూర్‌లో ఉంటాను, అన్నయ్య విశాఖపట్నంలో, తమ్ముడు డల్లాస్‌లో. 2013 నుంచి, కోవిడ్ రెండేళ్ళు తీసేస్తే, ఏడాదికోసారి ముగ్గురం కలిసి ఎక్కడికో ఒక చోటికి బయల్దేరుతున్నాం, తిరిగొచ్చాక రాసుకుంటున్నాం, ప్రతిసారీ ఏదో ఒకదానికి పోట్లాడుకుంటున్నాం. ఏ గొడవ పడినా పరవాలేదు, ఏది పడకూడదు అన్నది మాత్రం ఇన్నేళ్ళకి కొంచెం తెలిసొచ్చింది. అదే చెప్తాను.

ముందు తేదీలు. జనవరి రెండో వారం వద్దు. పొంగల్‌కి చెన్నైలో సగం మంది సొంతూళ్ళకి బయల్దేరతారు, ఆ సగం మందీ మీరెక్కాలనుకున్న రైల్లోనే ఉంటారు. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు, 2024 అక్టోబర్ దాకా 120 రోజులుండేది, మా అన్నయ్య ఇంకా ఆ పాత లెక్కలోనే ఉండి నాకు నాలుగు నెలల ముందు నుంచి ఫోన్లు చేస్తాడు. పండగ ముందు రోజుల టికెట్లు తెరిచిన కాసేపటికే వెయిటింగ్ లిస్టులోకి పోతాయి. మెల్‌బోర్న్‌లో అది ఎండాకాలం, స్కూళ్ళకి సెలవులు జనవరి చివరి దాకా ఉంటాయి కాబట్టి 19, 20 తేదీల తర్వాత పెట్టుకుంటే మీ చెల్లెలికీ ఇబ్బంది ఉండకపోవచ్చు. రిపబ్లిక్ డే ఏ వారం పడిందో చూసుకోండి. పుష్య బహుళ పంచమి ఎప్పుడో కూడా పంచాంగంలో చూడండి, ఆ రోజు తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధన, తంజావూరు లాడ్జీల్లో గదులు దొరకడం కష్టం. ఆరాధన కోసమే వెళ్ళాలనుకుంటే అది వేరే ప్రయాణం, పిల్లలతో నాలుగు చోట్లు చూసే ప్రయాణంలో దాన్ని ఇరికించకండి.

ఇంకా ముందుకి, డిసెంబర్‌లోకి జరుపుదామా అని ఎవరో ఒకరు అంటారు. మేమూ అన్నాం. 2023లో తమ్ముడు ఒక పెళ్ళి ఉందని నవంబర్ చివర్లోనే వచ్చాడు, డిసెంబర్ 4 రాత్రి రైలుకి టికెట్లు తీశాం, అన్నయ్యా వదినా రెండు రోజుల ముందే పెరంబూర్ వచ్చేశారు. మిచాంగ్ తుపాను వచ్చింది. ఎయిర్‌పోర్టు మూసేశారు, రైళ్ళు రద్దు, మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు, కరెంటు లేదు. ఆ ఏడాది మేం ముగ్గురం కలిసి చూసింది మా మేడ మీంచి మా వీధినే. పాలు లేక నిమ్మకాయ టీ తాగుతూ, ఉన్న గోధుమపిండితో రొట్టెలు చేసుకుంటూ రెండు రోజులు కూర్చున్నాం. (నిజం చెప్పాలంటే ఆ ఏడాది రాసుకున్నదే మా అందరికీ ఇష్టం. కానీ దానికోసం తుపాను తెచ్చుకోనక్కర్లేదు.) ఈశాన్య రుతుపవనాలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈ తీరం మీదే ఉంటాయి, విదేశాల నుంచి వచ్చేవాళ్ళకి సెలవులు దొరికేదీ అప్పుడే, అదొక ఖర్మ.

టికెట్ల విషయంలో మీకు ఎవరూ చెప్పనిది ఒకటి. ఒక పీఎన్‌ఆర్‌లో ఆరుగురిని బుక్ చెయ్యొచ్చు కదా అని అందర్నీ ఒకే టికెట్లో పెట్టేస్తాం. పెద్దవాళ్ళకి కింద బెర్తు కావాలంటే అలా చెయ్యకండి. లోయర్ బెర్త్ కోటా అని విడిగా ఉంటుంది, 60 దాటిన మగవాళ్ళకీ 45 దాటిన ఆడవాళ్ళకీ, అదీ ఆ టికెట్లో ఒక్కరో ఇద్దరో ఉంటేనే. కాబట్టి మీ అమ్మగారికి, ఇంకెవరైనా పెద్దవాళ్ళుంటే వాళ్ళకి, విడి టికెట్ ఆ కోటాలో తీసి, మిగతావాళ్ళకి ఇంకొకటి తియ్యండి. వేరే కోచ్ పడొచ్చు, పడనివ్వండి, రాత్రి పడుకోవడమే కదా. మేం మొదటి రెండేళ్ళూ మా అమ్మని మిడిల్ బెర్తు ఎక్కించడానికి పడ్డ పాట్లు ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

తంజావూరుకి రాత్రి ఉళవన్ ఎక్స్‌ప్రెస్ హాయి, ఉళవన్ అంటే రైతు, తెల్లారేసరికి దింపేస్తుంది. టికెట్ మీద బయల్దేరే స్టేషన్ ఎగ్మోరా తాంబరమా అన్నది ఒకటికి రెండుసార్లు చూసుకోండి. మీ అన్నయ్య హైదరాబాదు నుంచి సెంట్రల్‌లో దిగి ఎగ్మోర్ వెళ్ళాలంటే ఆటోవాళ్ళతో బేరాలు పెట్టుకోనక్కర్లేదు, మెట్రోలో పక్క స్టేషనే. మెల్‌బోర్న్ వాళ్ళని మాత్రం దిగిన రోజే రైలెక్కించకండి, రెండు రాత్రులు మీ ఇంట్లో పడుకోనివ్వండి. చెల్లెలు ఏమీ అనకపోవచ్చు, ఆవిడ పిల్లలు అంటారు.

డబ్బు. పడకూడని గొడవ ఇదొక్కటే. విదేశంలో ఉన్నవాళ్ళు ప్రేమకొద్దీ 'నేను కట్టేస్తాను' అంటారు. 2016లో మా తమ్ముడు కుంభకోణంలో పెద్ద హోటల్ బుక్ చేసి డబ్బులన్నీ తనే కట్టేశాడు, అన్నయ్య ఆ మూడు రోజులూ హోటల్లో కాఫీ తాగలేదు, బయటికెళ్ళి రోడ్డు మీద డిగ్రీ కాఫీ తాగొచ్చేవాడు. ఎందుకో తమ్ముడికి వెంటనే అర్థం కాలేదు, నాకు అర్థమైంది గానీ చెప్పలేకపోయాను. అన్నయ్య పెన్షన్ మనిషి, అప్పటిదాకా ఎక్కడికెళ్ళినా ఇంటికి పెద్దవాడిగా తనే బిల్లు కట్టేవాడు. తర్వాతి ఏడాది నుంచి మా పద్ధతి మారింది. ఎవరు ఇంటి నుంచి చెన్నై దాకా వచ్చే ఖర్చు వాళ్ళదే, విమానమైనా రైలైనా. చెన్నై నుంచి మళ్ళీ చెన్నై దాకా అయ్యేది ఉమ్మడి సంచిలోంచి, తలకి ఇంత అని ముందే వేసేస్తాం. ఆ 'ఇంత' ఎంతో చెప్పేది అందరిలోకీ తక్కువ ఖర్చు పెట్టగలిగిన మనిషి. ఆ మనిషి గీసిన గీత దాటి ఎవరికైనా ఏదైనా కావాలంటే సొంత డబ్బుతో కొనుక్కోవచ్చు, పక్కవాళ్ళకి కొనిపెట్టడానికి మాత్రం వీల్లేదు. ఇది కఠినంగా అనిపిస్తుంది. కానీ అన్నయ్య ఇప్పుడు హోటల్లో కాఫీ తాగుతున్నాడు.

నాలుగు రోజుల్లో ఏం చూడాలి అన్నది మీకు ఎవరైనా చెప్తారు. నేను చెప్పేది ఒక్కటే, పూటకి ఒక చోటు. పెద్దకోవెల (తంజావూరు బృహదీశ్వరాలయం), గంగైకొండ చోళపురం, దారాసురం మూడూ ఒకే రోజు కారులో చుట్టేయొచ్చని డ్రైవర్ అంటాడు, చుట్టొచ్చు కూడా, కానీ అలా చుట్టినవాళ్ళకి ఏ నంది ఎక్కడిదో గుర్తుండదు. ఈ వైపు గుళ్ళు చాలావరకు మధ్యాహ్నం పన్నెండు, పన్నెండున్నరకి మూసి నాలుగింటికి తెరుస్తారు. ఆ మూడు నాలుగు గంటలు పిల్లలకి నిద్ర, మీకు రాసుకోడానికి, ఇంకెవరైనా ఉత్సాహంగా ఉంటే తంజావూరు ప్యాలెస్‌లో సరస్వతీ మహల్ చూడ్డానికి. అక్కడ తెలుగు తాళపత్రాలున్నాయి. నాయక రాజులు తెలుగువాళ్ళు, రఘునాథ నాయకుడు తెలుగులో కావ్యాలు రాశాడు, తమిళ దేశం నడిబొడ్డున తెలుగు సాహిత్యానికి ఒక యుగమే నడిచింది. ఇది మెల్‌బోర్న్‌లో పెరిగే పిల్లలకి లెక్చర్‌లాగా చెప్పకుండా, ఆ ఆకుల మీద అక్షరాలు చూపించి 'చదువు చూద్దాం' అంటే చాలు. మా మేనల్లుడు నాలుగక్షరాలు చదివి, ఐదోది రాక, ఆ సాయంత్రం నా దగ్గర ళ రాయడం నేర్చుకున్నాడు.

ఇంకో చిన్న విషయం, తిరుగు ప్రయాణంలో మహాబలిపురం ఆగితే చెల్లెలి ఇంట్లో ఎవరికైనా ఆస్ట్రేలియా పాస్‌పోర్టు ఉందంటే ఓసీఐ కార్డులు (విదేశీ పౌరులైన మనవాళ్ళకి మన ప్రభుత్వం ఇచ్చేవి) బ్యాగులో పెట్టుకోమనండి. అక్కడ మనకి టికెట్ 40 రూపాయలు, విదేశీయులకి 600. ఓసీఐ ఉన్నవాళ్ళకి మన రేటే. కార్డు మీ ఇంట్లో బీరువాలో పెట్టొచ్చామంటే కౌంటర్లో వినరు.

ఇక ఫోటోలు. రాసేటప్పుడు ఏది ముందు ఏది వెనక అని తేల్చుకోడానికి మీకు దిక్కు ఫోటోల మీద ఉండే టైమే, దాన్ని పాడుచేసుకోకండి. ఫోన్లు ఏ దేశం వెళ్తే ఆ టైముకి మారిపోతాయి, విడి కెమెరాలు మారవు. తమ్ముడి కెమెరాలో డల్లాస్ టైమే ఉండిపోయింది. శీతాకాలంలో మనకీ వాళ్ళకీ పదకొండున్నర గంటల తేడా. పెద్దకోవెల గోపురం మీద తొలి ఎండ పడుతుండగా పొద్దున్న ఆరున్నరకి తీసిన ఫోటో ముందురోజు సాయంత్రం ఏడింటిదని చూపించింది. 'ఏడింటికి మనం ఇంకా ఇంట్లో పులిహోర కట్టుకుంటున్నాం కదరా' అని అన్నయ్య, 'సాయంత్రం వెలుగే అది, నాకు బాగా గుర్తు' అని తమ్ముడు, రెండు రోజులు గ్రూపులో అదే గొడవ. చెల్లెలు కెమెరా తెస్తే దిగిన రోజే టైము మార్చమనండి, జనవరిలో మెల్‌బోర్న్ మనకన్నా ఐదున్నర గంటలు ముందుంటుంది. ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది, తీసిన టైమూ చోటూ కూడా పోతాయి. డాక్యుమెంట్‌గా పంపుకోండి, లేదా అందరికీ కలిపి ఒక ఆల్బమ్ తెరవండి.

ఇప్పుడు అసలు విషయం, మీరు ముగ్గురి రాతల్నీ ఒకటిగా కలపడం ఎలా అని అడిగారు. కలపకండి.

మేం మొదట్లో కలిపాం. అన్నయ్య పోర్టులో పనిచేసి రిటైరైన మనిషి, ఏది చూసినా కొలత. పెద్దకోవెల విమానం, అంటే గర్భగుడి మీది గోపురం, ఎన్ని అడుగులు, పూర్తయింది 1010లో, ఆయన పేజీ నిండా ఇవే. తమ్ముడు ఏది చూసినా వాడి చిన్నతనమో వాడి కొడుకో గుర్తొస్తారు. నేను మనుషుల్నీ తిండినీ చూస్తాను, గర్భగుడిలో ఏముందో అడిగితే చెప్పలేను గానీ బయట పూలమ్మిన ఆవిడ చెవులకి ఏం పెట్టుకుందో చెప్తాను. ఈ మూడూ కలిపి, ఎవరికీ నొప్పి కలక్కుండా 'మేము' అని మొదలుపెట్టి నేనే ఒకటి తయారుచేశాను. టూరిజం వాళ్ళు రైల్వే స్టేషన్లో ఉచితంగా పంచే కరపత్రంలా ఉంది. అన్నయ్య బాగుందన్నాడు, తమ్ముడు బాగుందన్నాడు, ఇద్దరూ మళ్ళీ దాని మొహం చూడలేదు.

మారింది 2017లో. అమ్మకి మోకాళ్ళు పూర్తిగా పోయాయి, ఇక మీతో రాలేను, మీరెళ్ళి రండి అంది. మేం తిరువయ్యారు వెళ్ళొచ్చాం. వచ్చాక ఫోన్లో అమ్మ అడిగిన ప్రశ్నలు ఇవి. కావేరిలో నీళ్ళున్నాయా, ఇసకేనా? త్యాగరాజస్వామి సమాధి దగ్గర కూర్చోడానికి నీడ ఉందా? మెట్లు ఎన్ని, పట్టుకోడానికి ఏమైనా ఉందా? మధ్యాహ్నం ఎక్కడ తిన్నారు, ఎవరు పెట్టారు? పాడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా, మాటలు సరిగ్గా పలికారా? మేం రాసినదాంట్లో వీటిలో ఒక్కదానికీ జవాబు లేదు. ముగ్గురం తెల్లమొహాలు వేశాం. నీళ్ళ ప్రశ్న పట్టుకుని అన్నయ్య వారం రోజులు కూర్చున్నాడు, కావేరి మీది మేట్టూరు డ్యామ్ నుంచి డెల్టాకి నీళ్ళు జూన్ 12న వదిలి జనవరి 28న ఆపడం ఆనవాయితీ అని, మేం వెళ్ళినది ఆ తేదీల్లో ఎక్కడ పడిందని, ఆ ఏడాది పద్ధతి ప్రకారం జరిగిందా లేదా అని, అమ్మకి నాలుగు పేజీలు రాశాడు. అన్నయ్య రాసినవాటిలో నేను రెండోసారి చదివిన మొదటిది అదే. లెక్కలు అవే లెక్కలు, కాకపోతే ఈసారి అవి అమ్మకి చెప్తున్నాడు.

అమ్మ పాట గురించి అడిగింది కాబట్టి, సమాధి దగ్గర ఎవరో పాడుతున్నారన్నది ఈసారి ముగ్గురం విడివిడిగా రాశాం. అన్నయ్య రాసినదాంట్లో ఆయన ముసలాయన, తెలుగు ఒక్క అక్షరం తప్పు పోలేదు. నేను రాసినదాంట్లో నలభై ఏళ్ళ మనిషి, తమిళ యాస, 'భ'లన్నీ 'ప'లు. తమ్ముడు రాసినదాంట్లో పాడింది ఆడమనిషి. ఏది నిజమో తేల్చుకుందామని చూశాం, ఫోటోల్లో లేరు. మొత్తం వదిన చదివి వినిపించింది, అమ్మకి అప్పటికే శుక్లాలు. విని, 'ముగ్గురూ మూడు గుళ్ళకి వెళ్ళారేమిటే' అంది. అలాగే ఉంచేశాం. అప్పటి నుంచి ఒకరు రాసినది ఇంకొకరు దిద్దడం మానేశాం. అక్షరదోషాలు కూడా అడిగితేనే. పక్కన 'నాకు ఇలా గుర్తు లేదు' అని రాసుకోవచ్చు, అంతే.

చెన్నైలో ఉన్నారు కాబట్టి ఇది మీకు నచ్చుతుంది. ఏనుగుల వీరాస్వామయ్య గారని మన మద్రాసులో సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్. 1830 మే 18న ఇంటిల్లిపాదినీ, పరివారాన్నీ వెంటబెట్టుకుని కాశీ బయల్దేరి 1831 సెప్టెంబర్ 3న తిరిగొచ్చాడు. ఆ ప్రయాణం గురించి ఆయన రాసిన 'కాశీయాత్ర చరిత్ర' తెలుగులో మనకున్న గొప్ప యాత్రాచరిత్ర. దారిలో ఆయన ఇక్కడే ఉండిపోయిన స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైకి రాసి పంపినవే తర్వాత 1838లో పుస్తకంగా వచ్చాయి. ఎక్కడ బస దొరుకుతుంది, ఏ ఊళ్ళో ఏం సరుకులు దొరుకుతాయి, రోడ్డు ఎలా ఉంది, నది దాటడానికి ఏం ఉంది, ఇలాంటివన్నీ అందులో ఎందుకు ఉన్నాయో మా అమ్మ ప్రశ్నలు విన్నాక నాకు అర్థమైంది. లోకానికి రాస్తే ఇవి రాయాలని తోచదు. రాని మనిషి అడుగుతాడు కాబట్టి రాస్తాం.

ఎలా మొదలుపెట్టాలంటే, ప్రయాణంలో ఎవర్నీ రాయమనకండి. రాత్రి పడుకునే ముందు ఫోన్లో రెండు నిమిషాలు మాట్లాడి రికార్డు చేసుకుంటే చాలు, వాసనలు, ఎవరో అన్న మాట, బిల్లు ఎంతైంది, ఇలాంటివి. పిల్లల చేత కూడా మాట్లాడించండి, ఇంగ్లీషులో మాట్లాడితే మాట్లాడనివ్వండి, సరిచెయ్యకండి. ఇంటికి చేరాక పది రోజుల్లోపు రాసెయ్యాలి, పది రోజులు దాటితే ఎవరి ఉద్యోగం వాళ్ళది, ఇక రాదు, మా దగ్గర అలా ఆగిపోయినవి మూడున్నాయి. ముగ్గురికీ కనిపించే ఒకే ఫైలు ఉంటే మంచిది గానీ ఎవరి భాగం వాళ్ళు పూర్తిచేసేదాకా మిగతావాళ్ళు తెరిచి చూడకూడదు. చూస్తే అన్నయ్య రాసినట్టే మీరూ రాసేస్తారు, తెలీకుండానే. టైపింగ్ రాకపోతే ఫోన్ కీబోర్డులో తెలుగులో మాట్లాడితే అదే కొట్టేస్తుంది, తప్పులు పడతాయి, ఒకసారి మా వదిన 'ప్రసాదం' అంటే 'ప్రమాదం' అని పడి తమ్ముడు డల్లాస్ నుంచి అర్ధరాత్రి ఫోన్ చేశాడు, కానీ పెద్దవాళ్ళ మాట తీరు పోకుండా దిగుతుంది.

అందరూ సమానంగా రాయాలని కూడా పట్టుబట్టకండి. ఒక ఏడాది తమ్ముడు రాసింది మొత్తం ఆరు వాక్యాలు. వాడి కొడుకు మొదటిసారి కావేరిలో కాళ్ళు పెట్టి 'ఇది నాన్నమ్మ చెప్పిన నదేనా' అని అడిగాడట. ఆ ఆరు వాక్యాలే అమ్మ పదిసార్లు చదివించుకుంది, నా పన్నెండు పేజీలు ఒక్కసారి.

టికెట్లు మీ తేదీకి 60 రోజుల ముందు పొద్దున్న ఎనిమిదింటికి తెరుస్తారు, ఇంకా టైముంది. ఈలోగా ఒక సాయంత్రం మీ నాన్నగారి దగ్గర కూర్చుని, ఆ వైపు ఆయన ఎప్పుడైనా వెళ్ళారా, వెళ్తే ఏం చూశారు, ఇప్పుడు మీరెళ్తే ఏం చూసి చెప్పమంటారు అని అడగండి. అడిగినవి ఒక కాగితం మీద ఆయన చేతే రాయించుకుని మీ అన్నయ్యకీ చెల్లెలికీ ఫోటో తీసి పంపండి. డాక్యుమెంట్‌గా పంపండి, వాట్సాప్‌లో మామూలుగా పంపితే అక్షరాలు మసకబారతాయి.